చేతులు చూపించమనే టీచరమ్మ

మోండా మార్కెట్లో ఆ రోజు కాలు పెట్టడానికి సందు లేదు. మర్నాడు బంద్. రాష్ట్రం ఒకటిగా ఉంటుందా రెండవుతుందా అని అందరూ కొట్టుకుంటున్న రోజులవి. ఎవరు గెలిచినా ఇంట్లో కూర వండాలి కదా అని నేనూ సంచీ పట్టుకుని వెళ్ళాను. ఉల్లిగడ్డల దుకాణం ముందు ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని ఒక్కొక్క గడ్డనీ నొక్కి చూసి ఏరుతున్నాడు. పక్క నుంచి చూసి గుర్తుపట్టాను. టీచరమ్మ భర్త.

"సార్, బాగున్నరా? టీచరమ్మ ఎట్లున్నరు?"

ఆయన లేచి, చేతిలో ఉన్న గడ్డని తక్కెడలో వేసి, "ఆవిడ వెళ్ళిపోయిందమ్మా. ఎండాకాలంలో. నిద్రలోనే," అన్నాడు.  తర్వాత, "మీ బాబు?" అన్నాడు. ఆ మాట అడగడానికి ఆయనకి కొంచెం ధైర్యం కావలసి వచ్చింది.

"మంచిగున్నడు సార్. ఇంజనీరింగ్ చదువుతున్నడు," అని గబగబా చెప్పేశాను.

"ఆవిడ తలుచుకుంటూనే ఉండేది," అని ఆయన సంచీ భుజాన వేసుకుని జనంలో కలిసిపోయాడు.

ఇంటికొచ్చి మావాడికి చెప్తే, "ఎవరమ్మా ఆమె?" అన్నాడు. తప్పు వాడిది కాదు. అప్పుడు వాడికి రెండేళ్ళు. వాడికి ఒక్క ముక్క కూడా గుర్తులేని ఆ కాలమే నాకు మిగతా జీవితం మొత్తం కన్నా బాగా గుర్తు.

ఆవిడ పేరు రాయను. ఆసుపత్రి వార్డులో పేర్లతో పని లేదు. నేను చిన్నోడి మమ్మీని, ఆవిడ పాప వాళ్ళమ్మ. కానీ ఆవిడని చూస్తే ఎవరికీ "పాప వాళ్ళమ్మ" అని నోరు రాలేదు. నర్సులతో సహా అందరికీ టీచరమ్మే. నిజంగానే సికింద్రాబాదులో ఒక మిషన్ స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. పుట్టింది గుంటూరు దగ్గర. నలభైకి దగ్గర్లో ఉండేది. నూలు చీర, భుజం మీద రెండు పిన్నులు, ముఖాన బొట్టు లేదు, చేతికి గాజుల్లేవు. ఒక్క గడియారం, అది కూడా డయల్ మణికట్టు లోపలి వైపుకి తిప్పి కట్టుకునేది. ఈ లోకంలో మూడో తరగతి పిల్లలు, మూడో తరగతి దాటని పెద్దలు అని రెండే జాతులున్నాయని ఆవిడ నమ్మకం. మాట్లాడే తీరు అట్లాగే ఉండేది.

మొదటి రోజు మావాణ్ణి చంకనేసుకుని వార్డు తలుపు తోశాను. ఆ పొద్దునే డాక్టరు రక్తంలో క్యాన్సర్ అని చెప్పాడు.  ఎటు నడుస్తున్నానో తెలియదు. తలుపు పక్క మంచం దగ్గర నిలబడి టిఫిన్ తింటున్న మనిషి, నమలడం ఆపకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. చేతులు చూపించండి."

నేను నర్సు అనుకుని ఒక చెయ్యి చాపాను.

"రెండోది?"

"బాబు ఉన్నడు కదండీ..."

"వాణ్ణి నేను పట్టుకుంటాను. అదిగో కుళాయి. మోచేతుల దాకా కడుక్కోండి. గాజుల కింద కూడా. తర్వాత ఏడవండి, కావాల్సినంత ఏడవండి."

నేను కడుక్కున్నాను. ఏడ్చాను కూడా. ఆవిడ అన్నీ సరిగ్గా ఆ వరసలోనే చేయించింది. మధ్యలో మావాడి రెండు జడలూ, వాటికున్న ఎర్ర రిబ్బన్లూ చూసి, "ఆడపిల్లా?" అంది. మగపిల్లాడే, పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు, మూడో ఏడు పడ్డాక యాదగిరిగుట్ట మీద తీయిస్తామని మా అత్తమ్మ మొక్కుకుంది అని చెప్పాను. ఆవిడ ఆ జడల వంక చూసి, నా వంక చూసి, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకుండా ఉండటం చాలా అరుదని తర్వాత తెలిసింది.

చేతుల విషయంలో ఆవిడకి ఎవరైనా ఒకటే. ఈ మందులు పడ్డాక పిల్లల ఒంట్లో రోగాన్ని తట్టుకునే బలం అడుగంటిపోతుంది. దాన్ని వార్డులో అందరం "కౌంట్లు పడిపోయాయి" అనేవాళ్ళం. కౌంట్లు పడ్డ పిల్లాడికి పక్కింటివాళ్ళ జలుబు చాలు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా చుట్టం ప్రేమగా బుగ్గ పుణకబోతే చెయ్యి పట్టుకుని ఆపేంత మొండితనం ఎవరికుంటుంది? ఆవిడకుంది. ఒక కుర్ర డాక్టరు ఒకసారి కోపం తెచ్చుకుని, "నేను డాక్టర్ని, తెలుసా?" అన్నాడు. "తెలుసు నాయనా. కోప్పడు, కడుక్కుని కోప్పడు," అంది. అతను కుళాయి దగ్గరకి వెళ్ళి వచ్చేసరికి కోప్పడటం మర్చిపోయాడు.

తన వాళ్ళనీ వదల్లేదు. ఒక ఆదివారం వాళ్ళ సంఘం నుంచి పాస్టరు గారు, వెనకాల ఏడెనిమిది మంది ఆడవాళ్ళు బైబిళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. పాప తల మీద చేతులుంచి ప్రార్థన చేయాలని. ఆవిడ వార్డు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"కింద స్కూటర్ల దగ్గర నిలబడి చేయండి అయ్యగారూ. పాపని కిటికీలోంచి చూపిస్తాను."

"తల మీద చెయ్యి వెయ్యకపోతే ఎట్లా సిస్టర్?" అని ఒకావిడ నొచ్చుకుంది.

"ఆకాశం దాకా వినపడే ప్రార్థన రెండో అంతస్తుకి వినపడదా?"

పాస్టరు గారు మంచివాడు. నవ్వుకుని దిగిపోయాడు. స్కూటర్ల మధ్య నిలబడి వాళ్ళు తలలెత్తి, చేతులెత్తి పాడుతుంటే, పైన కిటికీ దగ్గర ఈవిడ పాపని ఎత్తి పట్టుకుంది. నాలుగున్నరేళ్ళ పిల్ల, బోడిగుండు, మూతికి గుడ్డ. అది ఊరేగింపులో మంత్రిలాగా చెయ్యి ఊపింది.

తను మాత్రం ప్రార్థన చేసేటప్పుడు కళ్ళు మూసుకునేది కాదు. ఎందుకని అడిగితే, "కళ్ళు మూసుకుంటే సెలైన్ ఎవరు చూస్తారు?" అంది. సెలైన్ సీసా వైపు చూస్తూ పెదవులు కదిలించేది. కొత్తవాళ్ళు ఆవిడ ఆ సీసాకే మొక్కుతోందనుకునేవాళ్ళు. ఒక్కోసారి గొంతు పైకి వచ్చేది. అది ప్రార్థన కాదు, తగువు. "మొన్న ఏం చెప్పాను నీకు? విన్నావా?" అని ఆ పైవాణ్ణి కూడా బెంచీ ఎక్కించేది.

ఆవిడలో నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఇంకొకటి. పిల్లకి అబద్ధం చెప్పేది కాదు. మేమంతా సూది కనపడగానే "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టే" అని మొదలుపెట్టేవాళ్ళం. ఆవిడ పాప కళ్ళలోకి చూసి, "నొప్పి పుడుతుంది. బాగా పుడుతుంది. అరవాలనిపిస్తే అరువు. చెయ్యి మాత్రం కదపకు," అనేది. పాప కప్పు ఎగిరిపోయేట్టు అరిచేది. చెయ్యి రాయిలాగా ఉండేది. ఎంత కఠినమైన ఆడదో అనుకున్నాను. కొన్నాళ్ళకి మావాడు నర్సుని చూసి తనంతట తనే చెయ్యి చాపి, "అలుస్తా. కదల," అన్నాడు. ఇంకా మాటలు సరిగ్గా తిరగని పిల్లాడు. వాడు అట్లా అన్నందుకు సంతోషపడాలో గుండె బాదుకోవాలో నాకు తెలియలేదు.

ఇక మా పుట్టువెంట్రుకల సంగతి.

మందులు మొదలైన కొద్ది రోజులకి దిండు మీద వెంట్రుకలు కనపడ్డాయి. జుట్టు రాలుతుందని డాక్టరు ముందే చెప్పాడు. నేను డిగ్రీ చదివినదాన్నే, కారణం నాకు అర్థమైంది. అయినా ఆ వెంట్రుకలు చూసి వణికిపోయాను. అవి మావి కావు, దేవుడివి. ఇస్తామని మాట ఇచ్చినవి. ఇవ్వకముందే రాలి, ఆసుపత్రి చీపురుకి చిక్కి, దూదితోనూ గుడ్డలతోనూ కలిసి చెత్తబుట్టలోకి పోతున్నాయి. మా అత్తమ్మ మంచం కింద దూరి ఒక్కొక్క వెంట్రుకా ఏరి కొంగున ముడేసుకుంటూ, "నర్సింహసామీ, గిట్ల గుంజుకుంటవా తండ్రీ, మేమియ్యమన్నమా?" అని ఏడ్చేది. జుట్టు గుంజుకున్నవాడు రేపు పిల్లాణ్ణి గుంజుకుంటాడని ఆమె భయం. పైకి అనలేదు గానీ నా భయమూ అదే.

గుట్టకి తీసుకుపోతామంటే డాక్టరు ససేమిరా వద్దన్నాడు. కత్తి కూడా తగలకూడదు, చిన్న గాటు పడితే నెత్తురు ఆగదన్నాడు. ఆఖరికి మా అత్తమ్మే దారి కనిపెట్టింది. మందుల విడతల మధ్య ఇంటికి పంపినప్పుడు, ఇంట్లోనే గుట్ట వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, మేనమామ చేత కత్తెరతో మూడు కత్తెర్లు వేయించి, ఆ వెంట్రుకలు గుట్టకి పంపిద్దాం అంది. కత్తెర అయితే జాగ్రత్తగా సరే అన్నాడు డాక్టరు.

వార్డులో మా అత్తమ్మ టీచరమ్మ ఒక్కదాన్నే పిలిచింది. కుంకుమ భరిణ తీసి బొట్టు పెట్టబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయి, వేలికి అంటిన కుంకుమ ఏం చేయాలో తెలియక తన నుదుటికే పెట్టుకుంది. "నువ్వు రావాలె బిడ్డా," అంది. "వస్తానమ్మా. చేతులు కడుక్కునే వస్తాను," అంది టీచరమ్మ.

ఆ రోజు పాపని భర్తకి అప్పగించి నిజంగానే వచ్చింది. బన్సీలాల్‌పేట్‌లో మా ఇల్లు. రోడ్డు మీదికి ఇనుప గేటు, లోపల చిన్న వాకిలి. వాకిట్లో పీట వేసి, ముగ్గు పెట్టి, చిన్నోడికి కొత్త బట్టలు వేసి కూర్చోబెట్టాం. మా తమ్ముడు జనగామ నుంచి బస్సు దిగి వచ్చాడు. మేనల్లుడికి వెండి మొలతాడు తెచ్చాడు. గేటు తీస్తూ తుమ్మాడు.

టీచరమ్మ చెవులు రిక్కించింది. "ఎవరు తుమ్మింది?"

"ఏం లేదు టీచరమ్మా, జెర సర్ది అయింది. బస్సుల గాలికి," అన్నాడు మా తమ్ముడు.

"బయటే ఉండండి. గేటు వేసెయ్యండి."

వాడు నవ్వులాటనుకుని అడుగు ముందుకి వేశాడు. ఆవిడ వెళ్ళి గేటు మూసి గొళ్ళెం పెట్టింది. మా తమ్ముడు బయట, మొలతాడు చేతిలో.  వాడి సర్ది మావాడికి అంటితే జ్వరం. కౌంట్లు లేనప్పుడు జ్వరమంటే ఏమిటో అంతకు ముందు వారమే పక్క మంచం మీద చూశాను. ఆ మంచం ఇప్పుడు ఖాళీ.

మా అత్తమ్మ బిక్కచచ్చిపోయింది. "ఏందమ్మా గిది? మేనమామ ఒళ్ళె కూసోకుంట పుట్టెంటికలెట్ల తీస్తరు? ఎన్నడన్న విన్నమా? గిప్పుడు ఆపితె ఇంకింత అరిష్టం గాదా?"

"ఆపొద్దమ్మా. మేనమామ అక్కడే ఉంటాడు. ఆయన కత్తిరించమని చెప్తాడు, నేను కత్తిరిస్తాను. మాట ఆయనది, చెయ్యి నాది."

"మా దేవునికి నీ చెయ్యి నడుస్తదా బిడ్డా?"

"నడవకపోతే ఆ కోపమేదో నా మీదే చూపించమనండి. నా మీద పైవాళ్ళందరికీ కోపం ఉన్నట్టే ఉంది ఇప్పటికే."

ఆ మాటకి మా అత్తమ్మ నోరు మూసుకుంది. వాదనలో ఓడి కాదు. పాపకి రోగం తిరగబెట్టినట్టుందని డాక్టర్లు అనుమానపడుతున్న సంగతి అప్పటికి మా ఇద్దరికీ తెలుసు.

కత్తెర మరిగించిన నీళ్ళలో వేసి తీసింది. చిన్నోణ్ణి నేను ఒళ్ళో పెట్టుకున్నాను. మా తమ్ముడు గేటు కమ్మీల అవతల, ముక్కుకి రుమాలు కట్టుకుని, ఒళ్ళో పిల్లాడు ఉన్నట్టే చేతులు చాపి నిలబడ్డాడు. వాడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"గోవిందా! కత్తిరించు టీచరమ్మా," అన్నాడు.

ఆవిడ ఎడమ చేత్తో చిన్నోడి జడ పట్టుకుంది. కత్తెర దగ్గరకి తెచ్చింది. కత్తెర తగలకముందే ఆ జడ మొత్తం, రిబ్బనుతో సహా, ఆవిడ చేతిలోకి ఊడి వచ్చేసింది. లాగలేదు. ఊరికే పట్టుకుందంతే. జడ ఉన్న చోట తెల్లటి చర్మం బయటపడింది.

 మా అత్తమ్మ వెనకాల నిలబడి ఉంది, ఆమెకి ఆవిడ వీపే కనపడుతోంది. మా తమ్ముడు దూరంగా ఉన్నాడు. చూసింది మేమిద్దరమే. టీచరమ్మ నా కళ్ళలోకి చూసింది.  తర్వాత ఏం చేసిందంటే, ఖాళీ కత్తెరని గాలిలో ఒక్కసారి గట్టిగా మూసింది. కిచ్చుమని చప్పుడైంది.

"ఒకటి," అంది పైకి.

"గోవిందా!" అన్నాడు మా తమ్ముడు. మా అత్తమ్మ కూడా అంది.

రెండో జడా అంతే. రెండోసారి కూడా గాలినే కత్తిరించింది. మూడోది నుదుటి మీది చిన్న కుచ్చు. అది ఒక్కటే కాస్త గట్టిగా నిలబడింది, దాన్ని నిజంగా కత్తిరించింది. పిల్లలకి సూది గురించి కూడా అబద్ధం చెప్పని మనిషి, మా అత్తమ్మకి ఆ రెండు చప్పుళ్ళతో చెప్పింది. ఆ సంగతి మా అత్తమ్మకి నేను ఎప్పుడూ చెప్పలేదు. మేనమామ మాట మీద, కత్తెర పడి, మొక్కు తీరిందనే నమ్మకంతో ఆమె బతికి, నమ్మకంతోనే పోయింది. ఆ సాయంత్రం ఆమె కడుపు నిండా అన్నం తినడం చూశాను. ఎన్నాళ్ళకో.

వెంట్రుకలు పసుపు గుడ్డలో మూటకట్టి గేటు మీదుగా అందిస్తే, మా తమ్ముడు కాఫీ కూడా తాగకుండా అటునుంచి అటే గుట్ట బస్సు ఎక్కాడు.

పాపకి రోగం తిరగబెట్టింది నిజమే. వానలు పడే రోజుల్లో పోయింది. అప్పుడు మేం ఇంట్లో ఉన్నాం, నాకు వెంటనే తెలియలేదు. తర్వాత చిన్నోడికి జ్వరం వచ్చి మళ్ళీ వార్డులో చేరాక నర్సు చెప్పింది. నేను ఆ తలుపు పక్క మంచం వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నాను. ఆ మంచం మీద అప్పటికే ఇంకో పిల్లాడున్నాడు.

ఒక మధ్యాహ్నం నర్సు వచ్చి, టీచరమ్మ వచ్చిందని చెప్పింది. పాప దుప్పటి ఒకటి ఇక్కడే ఉండిపోతే తీసుకోవడానికి వచ్చిందట. వరండాలోకి పరుగెత్తాను. అదే నూలు చీర, అవే పిన్నులు. దుప్పటి మడత పెట్టి చంకలో పెట్టుకుంది. నేను పట్టుకుని ఏడవబోతే ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముట్టుకోకు. ఇంటి నిండా జనం, అందరూ దగ్గుతున్నారు. వాడికెట్లా ఉంది?"

"జ్వరం తగ్గుతలేదు అక్కా." మొదటిసారి అక్కా అన్నాను. "కౌంట్లు మొత్తం పడిపోయినయి. నాకు భయమైతుంది. నిద్ర పోతలేను. అన్నం పోతలేదు. ఈ భయం నేను మొయ్యలేను అక్కా."

ధైర్యం చెప్తుందనుకున్నాను. కనీసం ప్రార్థన చేస్తానంటుందనుకున్నాను. ఆవిడ దుప్పటిని రెండు చేతులతో గుండెకి పట్టుకుంది.

"పాపని మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు," అంది, "పొద్దున్నే మెలకువ వచ్చింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటా అనుకున్నాను. భయం లేదమ్మాయ్. ఇన్నాళ్ళూ కళ్ళు తెరవగానే భయమేసేది కదా, అది లేదు. ఇల్లంతా తిరిగాను. ఎక్కడా లేదు. ఇక నాకు ఎవరేం చేస్తారు?"

నేను తలుపు వైపు, లోపల చిన్నోడున్న మంచం వైపు చూశాను.

"భయం ఉన్నన్నాళ్ళూ పిల్ల ఉన్నట్టే. నీకింకా ఉంది. మొయ్యి. ఎంత బరువైనా మొయ్యి," అని చెప్పి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

నేను లోపలికి వచ్చాను. మావాడు నిద్రలో మూలిగి పక్కకి తిరిగాడు. ఒళ్ళు కాలిపోతోంది.  అట్లాగే, ఆ భయంతోనే, వాడి పక్కన మంచం మీద సర్దుకుని కూర్చున్నాను.